శ్రీమతి అనే మాట

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం ఇలా కలుసుకుంటున్నాం. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. పెన్షన్ అంటే ప్రభుత్వం దయతలచి పడేసే బిచ్చం కాదు, చేసిన సేవకు రావలసిన హక్కు అని ఆ తీర్పు చెప్పింది. దాని గురించి నాకంటే బాగా చెప్పగల పెద్దలు ఇక్కడున్నారు. "మహిళల తరఫున నాలుగు మాటలు చెప్పండమ్మా" అని కార్యదర్శి గారు అడిగారు. నాలుగు మాటలు కాదు, ఒక్క మాట గురించి చెప్తాను. ఆ మాట "శ్రీమతి".

నేను ట్రెజరీ శాఖలో ముప్ఫై అయిదేళ్ళు పనిచేశాను. 1976లో ఉద్యోగంలో చేరినప్పుడు నియామకపు ఉత్తర్వులో నా పేరు ముందు "కుమారి" అని ఉంది. 1979లో పెళ్ళయ్యాక "శ్రీమతి" అయ్యాను. నాతోపాటు అదే రోజున చేరిన ఒక మిత్రుడు ఉండేవారు. ఆయన చేరినప్పుడు "శ్రీ", పెళ్ళయ్యాక "శ్రీ", పాపం మధ్యలో భార్య పోయినప్పుడూ "శ్రీ", రిటైరైన రోజున సన్మాన పత్రంలోనూ "శ్రీ"యే. ఆయన ఇంట్లో ఏం జరిగిందో ఆ అక్షరాన్ని బట్టి ఎవరికీ తెలియదు. మాకు అలా కాదు. మా ఇంటి సంగతి మా పేరుకంటే ముందే కాగితం మీదికి వచ్చి కూర్చుంటుంది.

ఇది ఎప్పటినుంచీ ఉన్నదే కదా అనుకుంటాం. కానీ మాట పుట్టుక చూస్తే అలా లేదు.

"శ్రీ" అంటే సంపద, శోభ, లక్ష్మి. అది కలిగినవాడు శ్రీమాన్, కలిగినది శ్రీమతి. బుద్ధి కలిగినది బుద్ధిమతి, గుణం కలిగినది గుణవతి అయినట్టే ఇదీ. ఈ మాటలో మొగుడి ప్రసక్తి ఎక్కడా లేదు, పసుపు కుంకుమల ప్రసక్తి లేదు. వ్యాకరణం ప్రకారం పదేళ్ళ పిల్లా శ్రీమతే, ఎనభై ఏళ్ళ అవ్వా శ్రీమతే.

ఆ తర్వాత ఈ జంట పదాల దారులు వేరయ్యాయి. మగవైపున ఉన్న మాట "శ్రీమంతుడు" అయి డబ్బున్నవాడికి పేరుగా నిలిచింది. "శ్రీమాన్" పండితుల పేర్ల ముందు, ముఖ్యంగా వైష్ణవ పండితుల పేర్ల ముందు, గౌరవంగా మిగిలింది. ఆడవైపు మాట మాత్రం పెళ్ళయిన స్త్రీకి బిరుదైంది. ఇంగ్లీషు దరఖాస్తుల్లో మిసెస్, మిస్ అని రెండు గళ్ళు ఉండేవి. వాటికి సరిజోడుగా మనం శ్రీమతినీ కుమారినీ కూర్చోబెట్టాం. అక్కడితో ఆగామా? "మా శ్రీమతి ఊరెళ్ళింది" అంటారు మగవారు. అంటే ఆ మాటకు ఏకంగా భార్య అనే అర్థమే వచ్చేసింది. "మా శ్రీ ఊరెళ్ళాడు" అని ఏ ఇల్లాలూ అనగా మనం వినలేదు. సంపద కలిగినది అన్న మాట చివరికి ఒకరి సంపద అన్న అర్థానికి వచ్చి ఆగింది.

ఇక పాత ఉత్తరాల సంగతికి వద్దాం. ఈ సభలో ఉన్న చాలామందికి కార్డుముక్క మీద పై వరుస ఎలా రాయాలో పెద్దలు దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పే ఉంటారు. పెద్దవారైన మగవారికి మహారాజరాజశ్రీ, పొట్టిగా మ.రా.రా.శ్రీ. చిన్నవాడైతే చి. అంటే చిరంజీవి. పెళ్ళికూతురికి, చిన్న వయసు ఇల్లాలికి చి.ల.సౌ. అంటే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. పెద్ద ముత్తైదువకు మహాలక్ష్మీ సమానురాలు. భర్త పోయినావిడకు గంగాభాగీరథీ సమానురాలు, పొట్టిగా గం.భా.స.

మగవారికి రాసే మాటలు వయసునూ హోదానూ చూస్తాయి. ఆడవారికి రాసేవి మాత్రం ముందుగా భర్త ఉన్నాడా లేడా అని చూస్తాయి. వయసు ఆ తర్వాతే.

గంగాభాగీరథి అంటే చెడ్డ మాటా అని ఎవరైనా అడగవచ్చు. కాదు. భాగీరథి గంగకే ఇంకో పేరు. గంగతో సమానమైనది అనడంకంటే గొప్ప గౌరవం ఏముంటుంది? అయితే మాటకు అర్థం నిఘంటువులో ఒకటి ఉంటుంది, నడిచే ఇంట్లో ఒకటి ఉంటుంది. కాగితం మీద గంగ అని రాసినవారే శుభకార్యానికి బయల్దేరుతూ ఆవిడ ఎదురొస్తే ఇంట్లోకి తిరిగి వచ్చి, కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేవారు. గంగ ఎదురొస్తే పుణ్యం కదా, మరి ఈ గంగ ఎదురొస్తే అపశకునం ఎందుకైందో ఎవరూ చెప్పలేదు. గౌరవం ఉత్తరం పై వరుసలోనే ఉండిపోయింది, గడప దాటి లోపలికి రాలేదు.

"విధవ" అనే మాట గతి చూడండి. సంస్కృతంలో భర్త లేనిది అని మాత్రమే దాని అర్థం. మన నోట్లో పడి అది "వెధవ" అయింది. ఇప్పుడు మగపిల్లల్ని తిట్టడానికి వాడుతున్నాం. "వెధవా, చదువుకోరా" అని మనవణ్ణి ముద్దుగా కసిరే తాతగారికి తాను ఏమంటున్నాడో తెలియదు. ఒక స్త్రీకి కలిగిన కష్టం పేరే ఒక జాతి మొత్తానికి తిట్టుగా మారిందంటే, ఆ కష్టంలో ఉన్నవారిని మనం ఎలా చూశామో వేరే సాక్ష్యం అక్కరలేదు. 1856లోనే వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులుగారు ఎన్నో బెదిరింపుల మధ్య తొలి వితంతు వివాహం జరిపించారు. పెళ్ళి చేయడానికి ఆయన అన్ని తిప్పలు పడ్డారు కదా, ఆ మాటను మార్చడానికి మనం కొంచెమైనా శ్రమపడ్డామా?

ఒక బిరుదు ఎంత లోతుకు పడిపోగలదో చూడాలంటే "సాని" అనే మాటను చూడాలి. సంస్కృతంలో స్వామిని, అంటే యజమానురాలు. అదే తెలుగులో సాని అయింది. పాత గుడి శాసనాల్లో దీపానికో నైవేద్యానికో దానమిచ్చిన స్త్రీల పేర్ల చివర ఈ మాట గౌరవంగానే కనిపిస్తుంది. దొరగారి ఇల్లాలు దొరసాని. పురుడు పోసే ఆవిడ మంత్రసాని. గుడిలో ఆడిపాడే స్త్రీలు గుడిసానులు. తర్వాత కాలంలో గుడుల ఆదరణ పోయింది, జమీందార్ల కొలువులు వచ్చాయి, ఆ స్త్రీల బతుకులు మారిపోయాయి. బతుకుతోపాటు మాటా దిగజారింది. 1892లో విజయనగరంలో కన్యాశుల్కం నాటకం మొదటిసారి ఆడేనాటికి సాని అంటే వేశ్య అనే అర్థమే జనం నోట స్థిరపడి ఉంది. ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, 1947లో, దేవదాసీలుగా సమర్పించడాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మళ్ళీ ఒక చట్టం చేసింది. చట్టాలు ఆచారాన్ని నిషేధించాయి గాని ఆ మాటకు దాని పాత గౌరవాన్ని తెచ్చిపెట్టలేకపోయాయి. ఒకసారి మైలపడ్డ మాటను కడగడం అంత తేలిక కాదు.

ఇది మన ఒక్కరి కథే అనుకోకండి. ఇంగ్లీషులో "మిస్ట్రెస్" అంటే ఒకప్పుడు ఇంటి యజమానురాలు, మన సాని లాగే. మిసెస్, మిస్ అనే రెండూ ఆ మాటకు పొట్టి రూపాలే. పద్ధెనిమిదో శతాబ్దంలో పెళ్ళి కాకపోయినా సరే, ఇల్లో వ్యాపారమో నడిపే పెద్దమనిషిని మిసెస్ అనేవారు. క్రమంగా మిసెస్ భార్యకూ, మిస్ కన్యకూ మిగిలాయి. అసలు మాట మిస్ట్రెస్‌కు ఉంపుడుగత్తె అనే అర్థం అంటుకుంది. పెళ్ళితో నిమిత్తం లేని ఒక బిరుదు ఉండాలనీ, "మిజ్" అని పలికేలా రెండక్షరాలతో రాసుకోవచ్చనీ 1901లోనే అమెరికాలో ఒక పత్రికలో ఎవరో సూచించారు. అది వాడుకలోకి రావడానికి డెబ్భై ఏళ్ళు పట్టింది. జర్మనీలో పెళ్ళికాని స్త్రీని "ఫ్రాయిలైన్" అనేవారు. పశ్చిమ జర్మనీ ప్రభుత్వం 1972లో తన కార్యాలయాల్లో ఆ మాట మానేసి పెద్దవయసు స్త్రీలందరికీ "ఫ్రౌ" అనే రాయమంది. ఫ్రాన్సులో 2012లో ప్రధానమంత్రి కార్యాలయం ప్రభుత్వ కాగితాల నుంచి "మదమ్వాజెల్" గడిని తీసేయించింది. అందరూ ఇక "మదామ్"లే. మనం ఆఫీసుల్లో వాడే మేడం అదే.

మన దేశంలో ఏం జరుగుతోందో కూడా చెప్పాలి. మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లాలో హేర్వాడ్ అనే ఊరుంది. 2022 మే నెలలో ఆ ఊరి గ్రామసభ ఒక తీర్మానం చేసింది. భర్త పోయినప్పుడు గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం, మంగళసూత్రం తెంచడం లాంటివి ఊళ్ళో ఇక ఉండకూడదని దాని సారాంశం. ఆ తీర్మానాన్ని మిగిలిన ఊళ్ళూ అనుసరించేలా చూడమని ఆ రాష్ట్ర ప్రభుత్వం పంచాయతీలకు చెప్పింది. అదే రాష్ట్రంలో మరుసటి ఏడు, 2023 ఏప్రిల్‌లో, ప్రభుత్వ కాగితాల్లో వితంతువు అనే మాటకు బదులు "గంగాభాగీరథి" అని రాస్తే ఎలా ఉంటుందని ఒక మంత్రి ప్రతిపాదన పెట్టారు. గౌరవంగా ఉంటుందని ఆయన ఉద్దేశం. మహిళా సంఘాలవారు గట్టిగా కాదన్నారు. ఎందుకన్నారో పైన చెప్పిన ఉత్తరాల సంగతి తెలిసిన మనకు వేరే చెప్పాలా? హేర్వాడ్ వారు బతుకును మార్చబోయారు. మంత్రిగారు మాటను మార్చబోయారు. మాట ఎంత తియ్యగా ఉన్నా, ఆ ఆడమనిషి ఎవరి భార్యో, ఆయన ఉన్నాడో లేడో చెప్పడమే దాని పని అయినప్పుడు ఏం లాభం?

ఇవన్నీ పెద్ద సంగతులు. మనలాంటివాళ్ళకు ఇందులో పోయేదేమిటి, వచ్చేదేమిటి అంటారేమో. నేను కౌంటరు వెనక కూర్చుని చూసినదే చెప్తాను.

భర్త పోయిన నెలలోపే ఒకావిడ కొడుకును వెంటబెట్టుకుని కాగితాలతో వస్తుంది. పెన్షన్ పేమెంట్ ఆర్డరులో ఆవిడ పేరు ఒకలా ఉంటుంది. పెళ్ళయినప్పుడు అత్తవారు పెట్టిన పేరు అది. బ్యాంకు పుస్తకంలో పుట్టింటివారు పెట్టిన పేరు. ఒకచోట పుట్టింటి ఇంటిపేరు, ఇంకోచోట మెట్టినింటి ఇంటిపేరు. ఇరుగుపొరుగువారిని అడిగితే "ఫలానా గుమాస్తాగారి భార్య" అనే తప్ప పేరు తెలియదు. నలభై ఏళ్ళు కాపురం చేసిన ఊళ్ళో తాను తానేనని రుజువు చేసుకోవడానికి ఆవిడ ఆఫీసుల చుట్టూ నెలల తరబడి తిరగాలి. ఆ నెలల్లో ఇంట్లో పాలవాడికి, మందుల షాపుకు డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? పేరు ముందు బిరుదులు మూడుసార్లు మార్చాం గాని, పేరును మాత్రం ఎవరూ సరిగా రాయలేదు. చదువురాని ఒక ముసలావిడ నాతో అంది: "ఆయన ఉన్నన్నాళ్ళూ నా పేరుతో ఎవరికీ పనిబడలేదమ్మా, ఆయన పోయాకే అందరూ నా పేరు అడుగుతున్నారు." ఎన్ని ప్రసంగాలు విన్నా నాకు ఈ విషయం అంత బాగా బోధపడలేదు.

కుటుంబ పెన్షన్ తీసుకునేవారు మళ్ళీ పెళ్ళి చేసుకోలేదని ధ్రువపత్రం ఇవ్వడం మన ట్రెజరీల్లో ఉన్న పద్ధతే. అది భర్త పోయిన భార్యకూ అంతే, భార్య పోయిన భర్తకూ అంతే. రూల్సు ఇద్దరినీ ఒకేలా అడిగాయి. కేంద్ర ప్రభుత్వం 2004లో భర్త పోయిన, విడాకులు పొందిన కూతుళ్ళకు, 2007లో పెళ్ళికాని కూతుళ్ళకు, ఇరవై అయిదేళ్ళు దాటినా అర్హత ఉంటే కుటుంబ పెన్షన్ ఇచ్చేలా ఉత్తర్వులు ఇచ్చింది. అక్కడ పెళ్ళి వివరం అడగడంలో అర్థముంది, ఎందుకంటే హక్కు దానిమీద ఆధారపడి ఉంది. రాష్ట్ర పెన్షనర్లు తమ రూల్సు తమ ట్రెజరీలో విడిగా కనుక్కోవాలి. నేను అనేది ఒక్కటే. హక్కు తేల్చడానికి అవసరమైన కాగితంలో ఆ వివరం ఉండనీయండి. పెళ్ళి శుభలేఖ మీద, సంఘం ఆహ్వానపత్రం మీద, సభ్యుల జాబితాలో దానితో పనేమిటి?

మావారు 2008లో పోయారు. ఆ తర్వాత దగ్గరి బంధువుల ఇంటినుంచి ఒక శుభలేఖ వచ్చింది. కవరు మీద నా పేరు ముందు గం.భా. అని రాశారు. రాసినవారు నన్ను అవమానించాలని రాయలేదు, పద్ధతి తెలిసిన మనిషి కనకనే రాశారు. అప్పటికి నేను ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాను, రోజూ వందల బిల్లుల మీద సంతకం పెడుతున్నాను. ఆఫీసులో నిన్నటిలాగే మేడం అంటున్నారు. ఒక్క కవరు మాత్రం, పెళ్ళికి రండి గాని పీటల దగ్గరికి రాకండి అని చెప్పింది. నేను పెళ్ళికి వెళ్ళాను, ముందు వరుసలోనే కూర్చున్నాను. కానీ నాలా వెళ్ళని ఆడవాళ్ళు ఎంతమందో నాకు తెలుసు. మన సంఘం సభలకే చూడండి. భర్త ఉన్నన్నాళ్ళూ ఆయన పక్కన వచ్చి కూర్చున్నవారిలో చాలామంది ఆయన పోయాక ఈ హాలు గడప తొక్కరు. కుటుంబ పెన్షనర్లుగా సభ్యత్వం ఉంటుంది, చందా కొడుకు చేత పంపుతారు, మనిషి మాత్రం రాదు.

మరి ఏం చేద్దాం? వేరే దేశాలవారు కొత్త మాటలు వెతుక్కోవలసి వచ్చింది. మనకు ఆ అవసరం లేదు. మన భాషలో పెళ్ళి సంగతి అడగని గౌరవవాచకం ఒకటి ఎప్పటినుంచో ఉంది. అది "గారు". మగవారికీ అదే, ఆడవారికీ అదే. పెళ్ళికాని పంతులమ్మగారు, ముత్తైదువ అయిన డాక్టరుగారు, భర్త పోయిన అమ్మమ్మగారు, అందరూ గారే. అది పేరు ముందు నిలబడి కుటుంబ చరిత్ర చెప్పదు. పేరు అయ్యాక, వెనక వచ్చి దండం పెడుతుంది.

"గారు" కూడా అందరికీ సమానంగా దక్కలేదన్నది నిజమే. అయ్యగారి ఇంట్లో అమ్మగారు ఉండేది గాని, ఆ వాకిలి ఊడ్చే ఆవిడను ఎవరూ గారు అనలేదు. ఆఫీసర్లను అన్నాం, అటెండరును ఏకవచనంతో పిలిచాం. తెలంగాణ పల్లెల్లో దొరసాని అన్న మాటలో గౌరవంకంటే భయమే ఎక్కువ ఉండేదని ఆ తరంవారు చెప్తారు. కాబట్టి గారు అనే మాటను బయటికి తీస్తే సరిపోదు, అందరికీ పంచాలి. స్వీపరుగా రిటైరై ఇవాళ మన మధ్య కూర్చున్న అమ్మకూ, జాయింట్ డైరెక్టరుగా రిటైరైన అయ్యకూ జాబితాలో ఒకే గారు ఉండాలి.

అందుకని మన సంఘం ముందు మూడు కోరికలు పెడుతున్నాను.

మొదటిది, మన సభ్యుల జాబితాలో, ఆహ్వానపత్రాల్లో శ్రీ, శ్రీమతి, కుమారి, గం.భా. అన్నవి తీసేసి, ప్రతి పేరు చివరా గారు అని వేద్దాం. శ్రీమతి అనే మాట మీద ఎవరికైనా మమకారం ఉంటే, దాని అసలు అర్థంలో, భర్త ఉన్నా లేకపోయినా పెద్దవారైన స్త్రీలందరికీ వేద్దాం.

రెండోది, కుటుంబ పెన్షనర్లను "కీర్తిశేషులు ఫలానావారి భార్య" అని కాకుండా, ముందు వారి సొంత పేరుతో రాద్దాం. ఆయన పేరు వివరంగా కిందికి రావచ్చు. సభలో పిలిచేటప్పుడూ పేరుతోనే పిలుద్దాం. పసుపు కుంకుమలు, తాంబూలం ఇచ్చే పద్ధతి ఉంటే వచ్చిన స్త్రీలందరికీ ఇద్దాం. తీసుకోవడం, మానడం వారి ఇష్టం.

మూడోది, ఇది మగవారికి. ఇవాళ ఇంటికి వెళ్ళి మీ పెన్షన్ కాగితాలు బయటికి తీయండి. అందులో మీ భార్య పేరు, పుట్టినతేదీ, ఫొటో సరిగా ఉన్నాయో లేవో, అవి ఆవిడ ఆధార్ కార్డుతో, బ్యాంకు పుస్తకంతో కలుస్తున్నాయో లేదో చూడండి. తేడా ఉంటే మీరుండగానే దిద్దించండి. మీ మీద ఆధారపడ్డ కూతురు ఉంటే ఆ వివరమూ రాయించండి. ఈ మాట అపశకునమని కొందరు అనుకుంటారు. ముప్ఫై అయిదేళ్ళు కౌంటరు వెనక కూర్చున్నదాన్ని, నాకు తెలిసిన అపశకునం ఒక్కటే: తప్పు పేరున్న కాగితం.

మీరు ఆవిడకు పట్టుచీరలు కొనిపెట్టి ఉంటారు, తీర్థయాత్రలకు తీసుకెళ్ళి ఉంటారు. ఆవిడ పేరును సరిగా, పూర్తిగా రాయించడం వాటన్నిటికంటే చిన్న పని, ఖర్చు లేని పని. రేపు సోమవారమే చేయించవచ్చు.

 వెనక వరుసల్లో కూర్చున్న అక్కచెల్లెళ్ళు వచ్చే సభకు ముందు వరుసలో కూర్చోవాలని కోరుతున్నాను.